సున్నపు గోడ

తిరుత్తణి కొండ కింద, మెట్లదారికి కాస్త ఎడంగా ఉన్న ఒక పాత మిద్దింటికి పడమటి గోడను నేను. నా ఇటుకల్ని పట్టి ఉంచిన సున్నం ఎద్దు తిప్పిన గానుగలో నలిగింది, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ తాగింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే నేను నిలబడి ఉన్నాను. రెండు రాష్ట్రాల సరిహద్దు తగవులో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంటి పన్ను రసీదు మీద చిత్తూరు పోయి చెంగల్పట్టు వచ్చింది, 1997లో అదీ పోయి తిరువళ్ళూరు వచ్చింది. జిల్లా ఏదైనా, ఏటా భోగికి ముందు నాకు వెల్ల మాత్రం తప్పేది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడినా తమిళం మాట్లాడినా, ఈ ఊళ్ళో పండగ గోడల దగ్గరే మొదలయ్యేది.

నాలుగు తరాలుగా నన్ను ఆనుకుని బతికినవాళ్ళలో ఎక్కువమంది అద్దెకొచ్చినవాళ్ళే. కొండ మీద పూలమ్మేవాళ్ళు, మగ్గం పనివాళ్ళు, తెల్లారకముందే రైలెక్కి మద్రాసు పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు. ఒకరు క్యాలెండరు మేకు దిగేశారు, ఒకరు పిల్లల ఎత్తులు గీశారు, ఒక పెద్దాయన రోజూ తల ఆనించిన చోట నూనె మరక మిగిలింది. వీటిని నేనెన్నడూ మచ్చలనుకోలేదు. ఆ మనుషులు నా దగ్గర వదిలివెళ్ళిన గుర్తులు అవి.

నా జబ్బు వేరు. మిద్దె మీది తూము గొట్టం విరిగి వాననీళ్ళు నా వెన్ను మీదుగా కారడం మొదలైంది. బయట సందులో రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టి ఎత్తు పెరిగి, చివరికి ఇంట్లో నేలకన్నా పైకొచ్చింది. పైనుంచి ఒక తడి, కిందినుంచి ఒక తడి. పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తి, దాని మీద మెరిసే ప్లాస్టిక్ రంగు కొట్టించారు. సున్నపు గోడ తాగిన నీటిని మెల్లగా గాలికి వదిలేస్తుంది. సిమెంటూ ఆ రంగూ కలిసి ఆ దారి మూసేస్తాయి. పోయే చోటు లేని నీరు ఇటుకలోని ఉప్పును కరిగించి పైకి తెస్తుంది, ఆ ఉప్పు రంగు వెనకాల పొడిగా పేరుకుని పొరను బయటికి నెడుతుంది. ఉబ్బిన రంగును చూసినవాళ్ళు దాని మీదే మళ్ళీ రంగు వేయించారు. డబ్బు ఖర్చయ్యేది, నాకు ఊపిరి తగ్గేది.

అలాంటి రోజుల్లో, దీపావళి వానల్లో, ఇప్పుడున్నవాళ్ళు సామాను దించారు. అతను మద్రాసులో పనికి పోయే మనిషి. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చిన్నపిల్ల తమిళ బడిలో చదువుతుంది. చేతిలో ఉన్నదంతా అడ్వాన్సుకే పోయింది. మొదటి రాత్రే పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. ఆమె మంచాన్ని నా దగ్గరినుంచి జరిపి, అరచేతిని నా మీద ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. రంగుల దుకాణంలో చెప్పిన ధర వాళ్ళ నెల అద్దెను మించింది.

తిరువళ్ళూరు నుంచి ఆమె అవ్వ వచ్చింది. వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కరిగించి, పిల్ల దగ్గు తగ్గాలని మొక్కుకుని మరీ వచ్చింది. వచ్చీరాగానే నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"రంగు సంగతి తర్వాత. నీళ్ళు యాడినుంచి వస్తా ఉండాయో ముందు చూడు నాయనా" అంది మనవరాలి మొగుడితో.

"వానాకాలం గదా అవ్వా, ఆరిపోతుందిలే."

"ఆరే గోడైతే నేనెందుకు చెప్తాను? మిద్దెక్కి తూము చూసిరా పో."

ఆ వారం సెలవునాడు అతను తూముకు ఒక పీవీసీ గొట్టం ముక్క, ఒక వంపు బిగించాడు. సందులోని మట్టిని తవ్వి నా అడుగు కనబడేదాకా లాగేశాడు. అవ్వ చెప్పిన ఈ రెండు పనులే అసలు వైద్యం. మిగతాదంతా ఆ తర్వాతే. చేతిలో డబ్బు లేనివాళ్ళు ముందుగా ఖర్చుపెట్టవలసింది నీటి దారి మీద. దాన్ని వదిలేసి పైన ఎంత పోసినా వానపాలే.

తర్వాత గోకుడు. ప్లాస్టిక్ రంగు పొరలు పొరలుగా లేచింది. సిమెంటు మాత్రం అంత సులువుగా రాలేదు. చిన్న ఉలి, సుత్తితో ఓపిగ్గా కొట్టవలసి వచ్చింది. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే అది కరిగి మళ్ళీ నాలోకే పోతుంది. కిటికీ పక్కన, రంగు ఊడిన చోట, పెన్సిలు రాతలు బయటపడ్డాయి. ఎప్పటిదో ఒక ఇల్లాలి పాల లెక్క: సోమవారం అరపడి, మంగళవారం పడి, శుక్రవారం లేదు. అక్షరాలు తెలుగువి. పిల్లకు చదవడం రాలేదు. అవ్వ వేలు పెట్టి ఒక్కో గీతా చదివి వినిపించింది. శుక్రవారం పాలెందుకు పోయించుకోలేదని పిల్ల అడిగితే అవ్వ దగ్గరా జవాబు లేదు. నాకు తెలుసు. ఆ రోజు ఆవిడ చేతిలో డబ్బు లేదు.

గోడను అలాగే వదిలేసి, కిటికీలు తెరిచి, మార్గళి నెల చివరి వారందాకా ఆరనిచ్చారు. గుంటల్లో ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక కలిపి నింపారు. ఇక వెల్ల. అవ్వ తెప్పించింది గుల్లసున్నం. మా జిల్లాలోకీ పరుచుకున్న పళవేర్కాడు సరస్సులో దొరికే గుల్లల్ని కాల్చి చేసిన సున్నం ఒకప్పుడు మద్రాసు కట్టడాలకు పోయేది. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, సున్నాన్ని కొంచెం కొంచెంగా అందులోకి వేయాలి. సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి ఎగజిమ్ముతుంది, కళ్ళు పోతాయి. అవ్వ పిల్లను వీధిలోకి పంపేసి, మనవరాలి కళ్ళకు అద్దాలు పెట్టించి, చేతులకు గుడ్డ చుట్టించింది. రాత్రంతా నానబెట్టి, పాత నూలు చీరలో వడకట్టి, కాస్త గంజి, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపింది. పాలంత పలచగా ఉండాలంది. చిక్కగా పూస్తే పొట్టు లేస్తుంది.

నన్ను ముందు నీళ్ళతో తడిపి మొదటి పూత వేశారు. కుంచె తిరిగిన చోట తడి తప్ప ఏమీ కనబడలేదు. అతను రైలు దిగి వచ్చి చూసి, "ఇంత కష్టపడింది దీనికా?" అని నిట్టూర్చాడు. తెల్లారేసరికి నేను తెల్లబడ్డాను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది. అందుకు టైము కావాలి. రోజుకొకటిగా మూడు పలుచని పూతలు వేశారు. అడుగున జానెడు ఎత్తున కావి పట్టీ గీశారు. పాల లెక్క ఉన్నంత మేర మాత్రం ఆమె కుంచె తగలనివ్వలేదు.

రైల్లో రోజూ అతనితో కూర్చునే కోర్టు గుమస్తా ఒకాయన ఉన్నాడు. అద్దె ఇళ్ళ గురించి తమిళనాడులో 2017లో చట్టం వచ్చిందనీ, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉందనీ ఆయనే చెప్పాడు. వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, గోడల వెల్ల, తలుపులు కిటికీల రంగు ఇంటి యజమాని వంతు. కొళాయి వాషర్లు, స్విచ్చులు, మురుగు కాలువ శుభ్రం అద్దెకున్నవాళ్ళ వంతు. ఈ సంగతి తెలిసిన అద్దెవాళ్ళు నా నీడలో ఇంతకు ముందు ఎవరూ లేరు. అలాంటి చట్టం అప్పుడే ఉండి, వాళ్ళకు తెలిసి ఉంటే ఎంతమంది పిల్లలు దగ్గకుండా నిద్రపోయేవారో.

భోగి పండగ అయ్యాక ఇంటి యజమాని వచ్చాడు. గోటితో నన్ను గీకి చూశాడు. పొడి రాలలేదు. అరచేయి ఆనించాడు, చెమ్మ తగల్లేదు. అద్దెకున్న అతను గొట్టం, సున్నం బిల్లులు ఆయన చేతికిచ్చి, "అయ్యా, మా కూలి అడగడంలేదు, సామాను ఖర్చు మటుకు ఇప్పించండి" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి మాసి నెల అద్దెలో తగ్గించుకోమన్నాడు.

ఇప్పుడు మిద్దె మిగిలింది. మే నెలలో మా ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పగలంతా మిద్దె తాగిన వేడి రాత్రి లోపలికి దిగుతుంది. పైన తెల్లగా వెల్ల వేస్తే ఆ ఎండ చాలామటుకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మిగిలిన సున్నం మిద్దెకు సరిపోతుందని అవ్వ లెక్క కట్టింది. పగుళ్ళు పూడ్చడానికి ఇసుక మటుకు తట్టెడు తేవాలంది. ఈలోగా పక్క పోర్షన్ ఆవిడ వచ్చి, మా గోడకూ ఒకసారి కొట్టుకుంటామని కుంచె అడిగి పట్టుకెళ్ళింది. వాళ్ళ తూము కూడా విరిగే ఉందని, ముందు అది చూసుకోమని, అవ్వ వెనకనుంచి కేకేసి చెప్పింది.