పన్ను పీకితే పోయే నొప్పి కాదది

మా రోజుల్లో న్యూరో వార్డుకు ముఖం నొప్పితో వచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే పోల్చుకునేవాళ్లం. మగవాడైతే ఒక చెంప నున్నగా గీసి ఉండేది, రెండో చెంప నిండా మాసిన గడ్డం. ఆ వైపు బ్లేడు ఆనితే చాలు, కరెంటు తీగ పట్టుకున్నట్టు కొట్టేది. ఆడవాళ్లు ఆ వైపు ముఖం కడుక్కునేవాళ్లు కాదు, పైట చెంగు గాలికి తగలకుండా చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లు. ఎక్కడమ్మా అంటే నోరు విప్పకుండా వేలు చూపించేవాళ్లు, అదీ చర్మానికి ఆనకుండా. నోరు చూద్దామంటే ఆ వైపు దవడ పళ్లు ఉండేవి కావు. ఒకటి పీకారు, తగ్గలేదు. పక్కది పీకారు.

గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. ఈమధ్య మా బంధువుల్లో ఒకావిడ చూడ్డానికి వచ్చింది. అరవై దాటింది. అదే నొప్పి, అదే కథ. రెండు పళ్లు పీకేశారు, మూడోదానికి రూట్ కెనాల్ చేశారు. చూసి కడుపు మండిపోయింది. అప్పట్లో మా దగ్గర ఏమీ లేక మనుషులు పళ్లు పోగొట్టుకున్నారు. ఇప్పుడు అన్నీ ఉండి కూడా పోగొట్టుకోవడమేమిటి?

ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు దీన్ని. ముఖానికి స్పర్శనిచ్చే అయిదో కపాల నాడిలో పుట్టే నొప్పి. కొత్త జబ్బేం కాదు. ఫ్రాన్సులో నికొలా ఆండ్రే అనే వైద్యుడు 1756లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. సరిగా పనిచేసే మందు మాత్రం 1962 దాకా తెలియలేదు. ఆ ఏడే కార్బమజెపైన్ ఈ నొప్పిని ఆపుతుందని బయటపడింది, మన షాపుల్లో టెగ్రిటాల్ అని అడుగుతామే, అది. ఆ మాత్రకూ లొంగకపోతే చెంపలోకి స్పిరిట్ సూది వేసేవారు, లేదా నరం కొమ్మను కోసేసేవారు. చెంప మొద్దుబారిపోయేది. కొన్ని నెలలకు, మహా అయితే ఏడాదికో రెండేళ్లకో, పోటు మళ్లీ వచ్చేది. అంతకు మించిన ఆపరేషన్ కావాలంటే ఎక్కడికని వెళ్తారు? దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని జేకబ్ చాందీ గారు వెల్లూరు సీఎంసీలో పెట్టింది 1949లో. మరుసటేడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి గారు మొదలుపెట్టారు. మన విశాఖ కేజీహెచ్‌లో బాలపరమేశ్వరరావు గారు ఆ తర్వాత. అంత దూరం వెళ్లలేనివాళ్లు ఆ పోటుతోనే బతుకు వెళ్లదీశారు.

అయితే ఆ లేమిలోనూ ఒకటి మాత్రం దండిగా ఉండేది. పెద్ద డాక్టరుగారు మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చునేవారు. వచ్చిన పోటు ఎంతసేపు ఉంటుంది, సెకన్లా గంటలా? రెండు పోట్ల మధ్య పూర్తిగా పోతుందా? ఏం చేస్తే వస్తుంది, నమిలితేనా, పళ్లు తోముకుంటేనా, చల్లగాలికా? రాత్రి నిద్రలేపుతుందా? పంటి నొప్పి గంటల తరబడి సలుపుతుంది, రాత్రిళ్లు కునుకు పట్టనివ్వదు. ఇది సెకన్లలో కొట్టి పోతుంది, చాలామందిని నిద్రలో వదిలేస్తుంది. తర్వాత దూది పీచు తీసి రెండు చెంపల మీదా మెల్లగా తాకించి స్పర్శ తేడా చూసేవారు. జబ్బేమిటో అక్కడే తేలిపోయేది. ఈ రోజుకీ ఇది మనిషి చెప్పే మాటల్లోనే దొరికే జబ్బు. ఎమ్మారై ఆ తర్వాత, కారణం వెతకడానికి.

ఇప్పుడున్న వైద్యం తలుచుకుంటే నా కళ్లు చెమరుస్తాయి, ఆ పాత పేషెంట్లు గుర్తొచ్చి. చాలామందిలో మెదడు మొదట్లో ఒక రక్తనాళం ఈ నాడి మీద పడి కొట్టుకుంటూ ఉంటుంది. వాల్టర్ డాండీ అనే సర్జన్ 1930ల్లోనే ఈ సంగతి గమనించాడు. 1960ల్లో పీటర్ జెనెటా అనే మరో సర్జన్ మైక్రోస్కోపు కింద ఆ నాళాన్ని పక్కకు తప్పించే పద్ధతి తెచ్చాడు. చెవి వెనక ఎముకకు చిన్న కన్నం చేసి, నాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ పీచు పెడతారు. నరాన్ని కోయరు, కాల్చరు. పిట్స్‌బర్గ్‌లో ఇలా చేయించుకున్న వెయ్యి మందికి పైగా పేషెంట్ల లెక్కలు 1996లో అచ్చయ్యాయి. పదేళ్ల తర్వాత కూడా నూటికి డెబ్బై మంది మందుల్లేకుండా హాయిగా ఉన్నారు. ఆ వైపు వినికిడి తగ్గడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం, అరుదుగా పక్షవాతం లాంటి ముప్పులున్నాయి. ఆపరేషన్ చేసేవాళ్లే ఇవి ముందుగా చెప్పాలి.

పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేని ముసలివాళ్లకు చెంపలోంచి సూది పంపి నాడి ముడిని వేడితో కాలుస్తారు, లేదా చిన్న బెలూన్ ఉబ్బించి నిమిషంపాటు నొక్కుతారు, లేదా గ్లిజరిన్ వేస్తారు. ఉపశమనం చాలామందికి వెంటనే, ఒక్కోసారి అక్కడే బల్ల మీదే. బదులుగా చెంప కొంత మొద్దుబారుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావచ్చు, మళ్లీ చేయవచ్చు. గామా నైఫ్ అనే పద్ధతిలో కోతే లేదు, కిరణాలే. ఫలితానికి వారాలు, నెలలు పడతాయి.

ఇన్ని దారులుంటే మా బంధువుకు ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. పళ్లాయన పళ్లు పీకాడు. నరాల డాక్టరు అయిదు నిమిషాలు చూసి మాత్ర రాశాడు, వెళ్లినప్పుడల్లా మోతాదు పెంచాడు. ఒళ్లు తూలుతోందంటే వయసన్నాడు. ఆ మందుకు ఒంట్లో సోడియం పడిపోతుందని తెలిసి కూడా రక్తపరీక్ష రాయలేదు. బాత్రూంలో జారిపడ్డాక తేలింది. ఇంకోచోటికి వెళితే కౌంటరు దగ్గరే ప్యాకేజీ ఎంతో చెప్పారు, ఇన్సూరెన్సు అడిగారు. ఏ పద్ధతి, ఈమెకే ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది, ఈ మాటలు చెప్పే తీరిక ఎవరికీ లేదు. వినకుండా చేసే ఆపరేషన్ ఇంకా ప్రమాదం. ఎప్పుడూ మంటగా, ఆగకుండా ఉండే ముఖం నొప్పికి ఈ ఆపరేషన్లు అంతగా పనిచేయవు, నరం కాల్చితే ఒక్కోసారి అంతకంటే పెద్ద బాధ మిగులుతుంది.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ముఖానికి ఒక వైపే, సెకన్లపాటు, షాక్ కొట్టినట్టు నొప్పి వస్తుంటే, పన్ను పీకించే ముందు ఒక్కసారి న్యూరాలజిస్టుకు చూపించండి. నలభై లోపు వాళ్లకు వచ్చినా, రెండు వైపులా వచ్చినా ఎమ్మారై తప్పకుండా తీయించండి. మాత్ర పనిచేయకపోయినా, పడకపోయినా ఏళ్లు గడవనివ్వకండి, ఈ ఆపరేషన్లు తరచుగా చేసే న్యూరోసర్జన్‌ను కలవండి. ఎదురుగా కూర్చుని నొప్పి ఎలా మొదలవుతుందో చివరిదాకా చెప్పండి. వినేదాకా లేవకండి.