అత్యవసర సంచీ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందన్న వార్త రాగానే విశాఖపట్నంలోని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఆర్షవాక్యం అవతరిస్తుంది. ఏటా అదే వాక్యం. తేదీ మారుతుంది, తుపాను పేరు మారుతుంది. పోయినేటి పేరు చెరపడం మరిచిపోయిన ప్రతులూ ఉన్నాయి. కవి: కార్యవర్గము. రచనాకాలం: చినుకులు మొదలైన తరవాత. ఇంతటి గంభీర రచనకు వ్యాఖ్య లేకపోవడం భాషకే లోటు గనక పూనుకున్నాను. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన వ్యాఖ్య రాసింది కాళిదాసుకు. నాకా సౌకర్యం లేదు.

మూలము

"తుపాను దృష్ట్యా నివాసులందరూ టార్చిలైటు, కొవ్వొత్తులు, పవర్ బ్యాంకు, తగినంత తాగునీరు, చెడిపోని ఆహారము, అవసరమగు మందులు, ముఖ్యమైన పత్రములు గల అత్యవసర సంచిని సిద్ధముగా ఉంచుకొనవలెను. సెల్లార్‌లోని జనరేటర్ విషయమై తగు చర్యలు తీసుకోబడును. గాలి తగ్గిన పిమ్మట బయటకు రావచ్చును. విద్యుత్తు, నెట్‌వర్కు లేని పక్షమున తదుపరి సూచనలు ఈ గ్రూపునందే తెలియజేయబడును. ఇట్లు, కార్యవర్గము."

ప్రతిపదార్థము

నివాసులందరూ = మెయింటెనెన్సు కట్టినవారును, కట్టనివారును; సంచిని = పెళ్లిలో తాంబూలంతో పాటు ఇచ్చిన జిప్పు పోయిన సంచిని; తక్కినవి సులభము.

టార్చిలైటు. ఇక్కడ వ్యాఖ్యాత కొంతసేపు ఆగక తప్పదు.

ప్రాచీనుల మతంలో టార్చి అంటే మూడు పెద్ద బ్యాటరీల రేకు టార్చి. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టులు, వెరసి నాలుగున్నర. ముందుభాగం తిప్పితే వెలుగు గుండ్రంగా దగ్గరికొచ్చేది. ఆ బ్యాటరీలు నీరసిస్తే పారేసేవాళ్లు కాదు. మేడ మీద వడియాల పక్కనే ఎండబెట్టేవాళ్లు. వడియాలకు కాకి కాపలా, బ్యాటరీలకు పిల్లల కాపలా. సాయంత్రానికి వాటికి కాస్త ప్రాణం వచ్చేది. పొలం గట్టు మీద పాముకూ కర్రకూ తేడా తెలిసేంత. వేడికి లోపలి రసాయనిక చర్య చురుకందుకుంటుందన్న శాస్త్రం ఎవరూ చెప్పకుండానే ఆచారమైంది.

ఆ ఆచారంలో ఒక నిషేధం కూడా ఉండేది: వాడని టార్చిలో బ్యాటరీలు ఉంచకూడదు. మామూలు బ్యాటరీకి జింకు డబ్బాయే గోడ, జింకే ఇంధనం. తనను మోసే గోడను తానే తింటూ వెలుగుతుంది. గోడ పలచబడ్డాక లోపలి ద్రవం కారి స్ప్రింగును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి టార్చి వేరుగా, బ్యాటరీలు వేరుగా, రెండూ ఒకే సంచిలో ఉండాలి. ద్వైతమా అద్వైతమా అని అడిగేవారికి ఇదే విశిష్టాద్వైతం.

నవ్యులు ఛార్జింగ్ టార్చి కొంటారు. కరెంటు లేనప్పుడు పనికిరావలసిన వస్తువు కరెంటుతో బతకడం ఒక విశేషం. అటక మీద ఊరికే పడుకున్నా దాని ఛార్జి దిగిపోవడం రెండో విశేషం. పూర్వపక్షం: సెల్‌ఫోన్‌లోనే టార్చి ఉండగా వేరే దేనికి? సిద్ధాంతం: ఫోను మాట్లాడటానికి. మెట్లు దిగడానికి, కిటికీ సందులో గుడ్డలు కుక్కడానికి దాన్నే వెలిగిస్తే, మాట్లాడవలసిన వేళకు అది నల్లబడుతుంది. విడి బ్యాటరీలతో నడిచే ఎల్‌ఈడీ టార్చి, వీలైతే తలకు కట్టుకునేది కొనండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొవ్వొత్తి త్యాజ్యం. తలుపులు కొట్టుకునే గాలిలో, గ్యాసు సిలిండరున్న వంటింట్లో నిప్పు పెట్టుకుని తిరగమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు.

పవర్ బ్యాంకు. అలంకారం: అతిశయోక్తి. డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది లోపలి సెల్లులో, 3.7 వోల్టుల దగ్గరి లెక్క. ఫోనుకు 5 వోల్టుల దగ్గర అందేది సుమారు 12, 13 వేలు. ఆ సత్యాన్ని "రేటెడ్ కెపాసిటీ" పేరుతో, భూతద్దానికి మాత్రమే కనిపించే అక్షరాల్లో అచ్చువేస్తారు.

తగినంత తాగునీరు. ఈ ఒక్క విశేషణంతో కార్యవర్గం చేతులు కడుక్కుంది, అదీ తాగునీటితో. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లనుకుంటే, నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు దాదాపు రెండున్నర. సంచిలో పట్టవు. ఈ లెక్క మూలంలో ఒక్క పంక్తి అయ్యేది. మేడ మీది ట్యాంకుల మాట మూలంలో అసలే లేదు. కరెంటు పోకముందే మోటారు వేసి నింపాలి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గాలి లేపేస్తుంది. నిండిన వెయ్యి లీటర్లది టన్ను బరువు, కదలదు. ఆ మోటారు స్విచ్చి మా ఎవరి ఇంట్లోనూ లేదు.

చెడిపోని ఆహారము. ఆవకాయ అని ఏకగ్రీవంగా అంటారు. అది చెడదు, నిజమే. కానీ దానికి అన్నం కావాలి, అన్నానికి పొయ్యి కావాలి, తిన్నాక పైన లెక్కగట్టిన నీళ్లకు మరో క్యాను కలపాలి. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, వేరుశనగ ఉండలు: ఇంతే.

మందులు. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా, డాక్టరు చీటీ నకలు, ఓఆర్ఎస్ పొట్లాలు. ఇన్సులిన్ వాడేవారికి ఫ్రిజ్ ఆగితే తడిగుడ్డ చుట్టిన మట్టికుండే గతి.

పత్రములు. ఒకదాంట్లో ఒకటిగా రెండు పాలిథిన్ కవర్లలో, అటక మీద. బీరువా అడుగు అరలో కాదు. వాటితో పాటు పది, ఇరవై, యాభై నోట్లు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014లో యూపీఐ లేదు, అది 2016లో వచ్చింది. అప్పట్లో జేబులో ఎంతో కొంత ఉండేది. ఇప్పుడు టవరు పడితే పాలవాడి ముందు అందరం పేదలమే.

రేడియో. ఇది మూలంలో లేదు. లేఖక దోషమని సరిపెట్టుకుందాం. కబురు తెగే వేళ ఒకటి వస్తుందని ఓడరేవులకు తెలుసు. అక్కడ ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండు. పది దాకా తుపాను సంగతి. పదకొండోదానికి అర్థం, తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. తనకిక కబురు అందదని ముందే ఒప్పుకునే ఆ సూచికంత నిజాయితీ గల వాక్యం నేను మరొకటి చదవలేదు. ఆ గుణం మూలానికి ఎంత దూరమో ఇక చూడండి.

అన్వయ విచారము

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నారు శాస్త్రకారులు. యోగ్యత లేని వాక్యానికి "నిప్పుతో తడుపుము" అన్న పాత ఉదాహరణతోనే ఇన్నాళ్లూ పాఠాలు నడిచాయి. ఇక అక్కర్లేదు. "నెట్‌వర్కు లేని పక్షమున ఈ గ్రూపునందే తెలియజేయబడును."

"గంగలో పల్లె" అంటే గంగ ఒడ్డున పల్లె అని లక్షణ చెప్పి పూర్వులు బయటపడ్డారు. "సెల్లార్‌లోని జనరేటర్"కు లక్షణ అక్కర్లేదు, వాచ్యార్థమే చాలు. వానకు సెల్లార్ గంగ అవుతుంది, జనరేటర్ అందులోనే ఉంటుంది.

"గాలి తగ్గిన పిమ్మట" అన్నచోట హాస్యానికి తావులేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. తుపాను కన్ను మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగుతుంది, అయిపోయిందనిపిస్తుంది. తరవాత ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది. ఈ ముక్క తెలియక రోడ్డెక్కినవాడిని విరిగిన చెట్టూ ఎగిరొచ్చే రేకూ వదలవు. కాబట్టి గాలి తగ్గడం కాదు, తుపాను దాటిపోయిందని రేడియో చెప్పాలి.

ఇక క్రియలు. మేము చేయవలసినవన్నీ "వలెను". వారు చేయవలసినవన్నీ "బడును". చర్యలు తీసుకోబడును. ఎవరి చేత? తృతీయావిభక్తి లేదు. డీజిలు ఎవరు కొంటారు? వాన కాలువ నోట్లో పేరుకున్న సిమెంటు సంచులు ఎవరు తీస్తారు? పై అంతస్తులో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దాయనకు లిఫ్టు ఆగితే ఎవరు వెళతారు? కర్తను అధ్యాహారం చేసుకోవాలట. ఏటా చేసుకుంటూనే ఉన్నాం.

తాత్పర్యము

సంచి సర్దుకోవాలి, సందేహం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మంచినీళ్లూ ఆహారమూ పడవల మీద, డ్రోన్ల మీద పంపాల్సి వచ్చింది. అవి చేరేదాకా ఇంట్లో ఉన్నదే దిక్కు. కానీ 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ఉప్పెనలో పోయింది సంచి లేక కాదు. వేళకు కదిలించేవాళ్లు లేక, ఎక్కి నిలబడటానికి పక్కా కట్టడం లేక. తీరం వెంట తుపాను షెల్టర్లు తరవాత కట్టారు. సంచి ఇంటివాళ్ల పని. కట్టడం, కాలువ, డీజిలు పదిమంది తరఫున పదవి తీసుకున్నవాళ్ల పని. మొదటిదాన్ని గట్టిగా చెప్పి రెండోదాన్ని మింగేయడమే ఈ మూలంలోని ధ్వని.

పాఠాంతరము

"సెల్లార్‌లోని జనరేటర్" మొదలుకొని చివరిదాకా ఈ పాఠం స్వీకరించాలని మనవి: "జనరేటరును గేటు పక్క దిమ్మె మీదికి మార్పించాం. డీజిలు కొన్నాం, రసీదు నోటీసు బోర్డు మీద ఉంది. కాలువ పూడిక తీయించాం, ట్యాంకులు నింపించాం. తుపాను దాటిందని రేడియోలో వినేదాకా ఎవరూ బయటికి రావద్దు. ఫోన్లు పనిచేయకపోతే రోజూ ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి నేను మొదటి అంతస్తు మెట్ల దగ్గర ఉంటాను. ఇట్లు," కింద ఒక మనిషి పేరు, ఫ్లాటు నంబరు, సంతకం.

ఈ పాఠానికి టీక అక్కర్లేదు.