చరిత్ర ఉన్న తుపాకీ

మా బావకు పాత వస్తువుల పిచ్చి. గుంటూరులో ఉన్నన్నాళ్లూ కానీలు, అణాలు పోగేసేవాడు. అమెరికా వెళ్లి కాన్సస్ సిటీలో స్థిరపడ్డాక ఆ పిచ్చి తుపాకుల మీదికి మళ్లింది. మన దగ్గరైతే లైసెన్సు, పోలీసు విచారణ, ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చేసి రావడం... చాలా తతంగం. అక్కడ 1898లోనో అంతకు ముందో తయారైన తుపాకీని ఫెడరల్ చట్టం అసలు తుపాకీ కిందే లెక్కగట్టదు, పురాతన వస్తువు అంటుంది. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడమే.

నేనప్పుడు ఎమ్మెస్ చదువుతూ వాళ్లింట్లోనే ఉండేవాణ్ని. ఓ ఆదివారం నన్ను గన్ షోకి వెంటబెట్టుకెళ్లాడు. దారిలో కారులో పాఠం చెప్పాడు: "ఒరేయ్, ఈ వ్యాపారంలో సామెత ఒకటుంది. తుపాకీని కొనాలి గానీ, కథను కొనకూడదు."

హాలంతా బల్లల వరసలు. ఓ మూల తెల్లగడ్డం పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ముందు గాజుపెట్టెలో ఒకే ఒక్క రివాల్వర్. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. 1873లో వచ్చిన మోడల్, ముద్దుపేరు పీస్‌మేకర్. కౌబాయ్ సినిమాల్లో హీరో నడుముకు వేలాడేది ఇదే. బావ దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో హ్యామర్ని మెల్లగా వెనక్కి లాగాడు. టిక్, టిక్, టిక్, టిక్.

"విన్నావా? నాలుగు చప్పుళ్లు. కోల్ట్‌కు నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, అక్షరానికొకటి" అన్నాడు పరవశంగా.

జేబులోంచి భూతద్దం తీసి, అడుగున మూడు చోట్ల కొట్టి ఉన్న నెంబరు చూశాడు. మూడూ ఒకటే. అంటే భాగాలు అటూ ఇటూ మార్చలేదన్నమాట. ఫోన్లో పట్టిక తీసి సరిచూస్తే ఆ నెంబరు 1881 నాటిది.

"ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి" అన్నాడు పెద్దాయన. ఇక మొదలెట్టాడు.

జెస్సీ జేమ్స్ అని మిస్సోరీ గజదొంగ. బ్యాంకుల్నీ రైళ్లనీ దోచినవాడు. 1882 ఏప్రిల్ 3న సెయింట్ జోసెఫ్‌లో, అద్దె ఇంట్లో గోడ మీది పటం సరిచేస్తుంటే, సొంత ముఠావాడే, బాబ్ ఫోర్డ్, వెనకనుంచి కాల్చేశాడు. తల్లి జెరెల్డా కొడుకుని కెర్నీ దగ్గర తమ ఇంటి పెరట్లోనే పాతిపెట్టింది. చూడవచ్చినవాళ్లకు సమాధి మీది గులకరాళ్లు పావు డాలరుకొకటి చొప్పున అమ్మేది. అయిపోతే వాగులోంచి ఏరుకొచ్చి మళ్లీ పోసేది.

"కొడుకు వాడిన తుపాకులని చెప్పి ఆవిడ అమ్మినవీ ఆ గులకరాళ్ల లాంటివే" అన్నాడాయన నవ్వి. "జెరెల్డా దగ్గర కొన్న తుపాకీ అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇది ఆవిడ అమ్మింది కాదు. పక్క పొలంవాడు మా తాత. ఆయనకు ఊరికే ఇచ్చింది."

ఫ్రేము కట్టించిన అఫిడవిట్ చూపించాడు. నోటరీ ముద్రతో సహా ఉంది.

బావ నా చెవిలో గొణిగాడు. "చూశావా నిజాయితీ! నకిలీలున్నాయని తనే ముందు చెప్పేస్తున్నాడు."

కథ లేకపోతే మూడు వేల డాలర్లు చేసే వస్తువు. ఆయన 6,500 అన్నాడు. బేరం కూడా ఆడకుండా బావ ఇచ్చేశాడు.

"దొంగ తుపాకీకి ఆరున్నర వేలా? దొంగెవరో నాకైతే అర్థమైంది" అంది అక్క, దాన్ని పూజగది వైపు పెట్టొద్దని చెబుతూ.

బావ వెనకడుగు వేసే రకం కాదు. కనెక్టికట్‌లోని కోల్ట్ కంపెనీకి రాశాడు. నెంబరు చెప్పి ఫీజు కడితే, ఆ తుపాకీ ఏ రోజున, ఎవరి పేరున బయటికెళ్లిందో పాత ఖాతా పుస్తకాల్లో చూసి ఉత్తరం పంపుతారు. అది చేతికొస్తే తుపాకీ విలువ రెట్టింపవుతుందని ఆశ.

ఉత్తరం వచ్చింది. తుపాకీ 1883 నవంబరులో సెయింట్ లూయిస్‌లోని ఒక హార్డ్‌వేర్ వ్యాపారికి వెళ్లింది. నెంబరు వేసిన ఏడాదే సరుకు గడప దాటాలని లేదు. గోదాములో పడి ఉండి ఆలస్యంగా కదిలినవీ ఉంటాయి. ఇది బయటికొచ్చేనాటికి జెస్సీ జేమ్స్ పోయి ఏడాదిన్నర దాటింది.

బావ ముఖం చూసి అక్కకు జాలేసింది. "ఏమండీ, మీ డల్లాస్ ఫ్రెండు దీన్ని అడుగుతున్నాడుగా? ఉత్తరం బీరువాలో పడేసి ఆయనకిచ్చేయండి."

బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అబద్ధం అమ్ముకునే ఖర్మ మనకేం పట్టింది? మా నాన్న బడిపంతులు!"

మళ్లీ గన్ షో వచ్చేదాకా ఆగి, తుపాకీ, ఉత్తరం పట్టుకుని వెళ్లాం. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం చదివాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లు చెమర్చాయి.

"మా తాత మమ్మల్నందర్నీ నమ్మించాడు. మొత్తం ఇచ్చే స్తోమత లేదు గానీ, సగం తీసుకోండి. ఈ ఉత్తరం మాత్రం నా దగ్గర వదిలేయండి. బయట తిరిగితే మా ఇంటి పరువు..."

బావ కరిగిపోయాడు. ఆయన భుజం తట్టి నోట్లు లెక్కపెట్టుకోవడంలో పడ్డాడు.

నేను బల్ల పక్కగా నిలబడి ఉన్నాను. పెద్దాయన కాళ్ల దగ్గరి ఇనప్పెట్టె తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులో అవే ఉత్తరాలు. అదే కంపెనీ కాగితం, అదే నెంబరు. పైన రాసిన పేర్లే వేరు. ఒక్కోదాని మూల పెన్సిలుతో ఒక్కో లెక్క: 5,000 – 2,500. 5,500 – 2,750. 6,000 – 3,000. పెన్సిలు మొన నాలికతో తడిచేసుకుని మా ఉత్తరం మూల 6,500 – 3,250 అని రాసి, ఫైల్లో పెట్టాడు. తర్వాత కొత్త ధర చీటీ తీసి 7,000 అని రాసి, తుపాకీకి కట్టాడు.

కారెక్కాక బావ నిట్టూర్చాడు. "పరువు కోసం సగం డబ్బు వదులుకున్నాడు. మనిషంటే అలా ఉండాల్రా."

ఇక ఆగలేక చూసిందంతా చెప్పేశాను. "జెస్సీ జేమ్స్ అంతటివాడు కూడా దోచుకోవాలంటే తుపాకీ చూపించి బెదిరించాలి బావా. ఈయన తుపాకీని మన చేతికిచ్చి మరీ దోచాడు. మనకు ముందు ఇంకో ముగ్గుర్ని!"

బావ కారు పక్కకు తీసి ఆపాడు. ముఖం కందగడ్డలా అయింది. వెనక్కి తిప్పి ఆయన గడ్డం పట్టుకుంటాడో, పోలీసులకు ఫోన్ చేస్తాడో అనుకున్నాను.

"చీటీ మీద ఏడు వేలని రాశాడా? నువ్వు సరిగ్గా చూశావా?"

"చూశాను."

స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్దాడు.

"ఛ! మీ అక్క మాట విని డల్లాస్ వాడికి అంటగట్టి ఉంటే పోయేదిరా!"