ఏరు దాటించిన పుణ్యం

బందరులో ఇప్పుడు దానాలన్నిటిలోకీ గొప్పది కుక్కదానం. పుచ్చుకునేవాడు కూడా అక్కర్లేదు. గోనెసంచి, బండి, కాస్త చీకటి ఉంటే చాలు.

పిల్లాడు మారాం చేశాడని ల్యాబ్రడార్ కూనని తెస్తారు. రెండు గదుల పోర్షన్‌లో నలుగురు మనుషులు, బీరువా, కూలరు, వాటి మధ్య అది. ఏడాది తిరిగేసరికి మంచమంత అవుతుంది. పోర్షన్ మాత్రం పెరగదు. కింది వాటావాళ్లు మెట్ల మీద బొచ్చు గురించి, ఓనరుగారు ఖాళీ చేయడం గురించి మాట్లాడటం మొదలెడతారు. సరిగ్గా అప్పుడే ఇంటాయనకి ధర్మసూక్ష్మం తడుతుంది: "మూగజీవాన్ని గొలుసేసి ఉంచడం పాపమండీ. హాయిగా వదిలేద్దాం."

గమనించారా, "వదిలించుకుందాం" అనలేదు. మధ్యలో ఆ "ంచుకు" ఎగిరిపోతే చాలు, పాపం కాస్తా పుణ్యమైపోతుంది. వ్యాకరణం చదువుకోలేదనుకుంటాం గానీ, మనవాళ్లు ఘనులు.

ఊళ్లోనే వదిలితే తెల్లారేసరికి గుమ్మంలో తోకాడిస్తుంది. అందుకే ఏరు దాటించాలి. నీళ్లు దాటిన జంతువుకి దారి తెలియదని పెద్దల మాట. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది, మధ్యన దివిసీమ. ఇంతకన్నా అనువైన చోటు ఏముంది! అక్కడివాళ్లని అడగలేదా అంటారా? 1977 ఉప్పెనని తట్టుకున్నవాళ్లు మన టామీని తట్టుకోలేరా!

పెరుగన్నం, బిస్కెట్లు తిన్న టామీకి వీధి కుక్కలతో కలబడటం రాదు. మొదటి రాత్రే చెవి చిరుగుతుంది. బతికి బట్టకట్టినవి తిండి వెతుక్కుంటూ తీరందాకా పోతాయి. నాగాయలంక అవతల ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. తవ్వుకు తినడానికి కుక్కకి ఒకరు నేర్పాలా?

గుడివాడ వైపు పుణ్యాత్ములు ఇంకాస్త నాజూకు. వాళ్లది అక్వేరియం. అద్దాలకి పట్టిన పాచి తింటుందని దక్షిణ అమెరికా సక్కర్ చేపని తెస్తారు. అది తొట్టెలో పట్టనంత అయ్యాక కాలువలో వంపేసి, దణ్ణం కూడా పెడతారు. ఒళ్లంతా ఎముకల కవచం, ముళ్లు. వలలు చీలుస్తుంది, గట్లకి బొరియలు పెడుతుంది, నీళ్లు ఇంకినా గాలి పీల్చి బతుకుతుంది. చెరువు రైతు చేతికొస్తే కొనే నాథుడుండడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో డీఎన్ఏ ఆనవాళ్లు వెతికితే, తూర్పు కనుమల నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ జాతి చేరిపోయిందని తేలింది. ఎందరెందరి దయో!

చట్టం లేదనకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో, ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలేయడం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకి పావుకిలో బందరు లడ్డూ రాదు. పులిగడ్డ దాకా వెళ్లొచ్చే పెట్రోలే అంతకన్నా ఎక్కువ. ఆ లెక్కన మనవాళ్లది త్యాగమే.

మొన్న మా వీధి పుణ్యాత్ముడొకాయన ఎదురుపడ్డారు. బండి మీద అట్టపెట్టె, దానికి గాలాడటానికి చిల్లులు.

"పర్షియన్ పిల్లండీ. పెద్దగా పెరగదట."

బండి కొక్కేనికి గోనెసంచి మడతపెట్టి అలాగే ఉంది.