‘చరిత్రలో ఈ రోజు’కు భేషజ వ్యాఖ్య

మూలం:

“చరిత్రలో ఈ రోజు – ఆగస్టు 29. 1526: మొహాక్స్ యుద్ధం. 1632: ప్రముఖ తత్త్వవేత్త జాన్ లాక్ జ. (మ. 1704). 1831: ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనుట. 1863: ప్రముఖ భాషావేత్త గిడుగు రామమూర్తి జ. (మ. 1940). 1905: ప్రముఖ హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జ. (మ. 1979). 1915: ప్రముఖ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ జ. (మ. 1982). 1982: ప్రముఖ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ మ. తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు తెలియజేయుచున్నాను. శుభోదయం.”

అవతారిక. పై గ్రంథం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఏటా ఇదే రోజున, తెల్లవారుజామున అయిదుంబావుకు అవతరిస్తుంది. గ్రంథకర్త రిటైరైన మాస్టారొకరు. రోజుకొకటి చొప్పున 365 ఆశ్వాసాలు. లీపు సంవత్సరంలో ఒకటి ప్రక్షిప్తం. నీళ్ల ట్యాంకరు ఎన్నింటికొస్తుందో వాచ్‌మన్ పెట్టిన ముక్క దీని కింద పూడుకుపోగా, ఒంటినిండా సబ్బు నురగతో నిలబడిపోయిన ఒకానొక పాఠకుడికి ఈ వ్యాఖ్య రాయాలన్న సంకల్పం కలిగింది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ముందే మాటిచ్చుకున్నాడు. ఆయన మెదక్ దగ్గరి కొల్చారం మనిషి. నేను అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

ప్రతిపదార్థం. యుద్ధం = యుద్ధం. శుభోదయం = సుగమం. మొహాక్స్ = ‘మొహాచ్’ అని హంగరీ వారి పాఠం, అదే గ్రాహ్యం. ప్రముఖ = ప్రకృష్టమైన ముఖం కలవాడు; బహువ్రీహి. ఎంత ప్రకృష్టమంటే ఫ్లెక్సీలో మూడొంతులు ఆక్రమించేటంత. బ్రహ్మప్రముఖులు అంటే బ్రహ్మ మొదలైనవారని పూర్వం ఈ మాటకు ఒక పనీపాటా ఉండేది. మూలంలో అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ ఖాళీ చేతులతోనే వచ్చింది. ఫారడేకి దక్కకపోవడం లేఖక ప్రమాదం.

మ. = మత్తేభమని పూర్వపక్షం. పద్యం నెత్తిన ‘మ.’ కనబడితే మత్తేభ విక్రీడితమని చిన్నప్పుడు నాకు చెవి మెలిపెట్టి మరీ చెప్పారు: స భ ర న మ య వ, పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి. కాబట్టి ‘(మ. 1940)’ అంటే పందొమ్మిది వందల నలభయ్యో మత్తేభం. కాదు, మరణమని సిద్ధాంతం. అలాగైతే ‘జ.’ జగణం కాకుండా పోవాలి. సరే, పోనిద్దాం. జగణంతో మొదలై మత్తేభంతో ముగిసే బతుకు ఏ ఛందస్సులోనూ ఇమడదు.

కాలనిర్ణయం. ఇక్కడ కొంచెం కూర్చోవాలి, నాకిష్టమైన చోటు. జూలియస్ సీజర్ నాటి లెక్క ఏడాదికి పదకొండు నిమిషాల పైచిలుకు ఎక్కువ పట్టుకుంటూ పోయింది. పదహారో శతాబ్దానికి వసంత విషువం పది రోజులు వెనక్కి జారింది. పోపు పదమూడో గ్రెగరీ 1582లో దాన్ని దిద్దించాడు. ఆ ఏడు రోములో అక్టోబరు 4 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు 15 శుక్రవారం పొద్దున లేచారు. మధ్యలో ఆ తేదీలు పెట్టుకుని అక్కడ ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. మన మాస్టారి లాంటివారికి పది రోజులు నిర్బంధ విశ్రాంతి. చెప్పింది పోపు కనక ఇంగ్లండు వద్దంది. నూటడెబ్భయ్యేళ్లు బిగదీసుకు కూర్చుని, చివరికి 1752లో సెప్టెంబరు 2 మర్నాడు 14 వేసుకుంది. 1700ను ఇంగ్లండు లీపు సంవత్సరమంది, రోము కాదంది, కనక అప్పటికి తేడా పదకొండు రోజులైంది.

ఇంతకీ లాక్ పుట్టింది పాత లెక్క ఆగస్టు 29న. కొత్త లెక్కకది సెప్టెంబరు 8. మొహాచ్ నాటికి కొత్త లెక్కే లేదు, దిద్దితే అదీ సెప్టెంబరు 8. హంగరీ రాజు రెండో లాయోష్ సుల్తాను సులేమాన్ సేన ముందు ఓడి, పారిపోతూ నీళ్లలో పడి పోయిన రోజును తెచ్చి ధ్యాన్‌చంద్ పుట్టినరోజు పక్కన కూర్చోబెట్టడం ఏ లెక్క? మన ఇళ్లలో తద్దినమైనా తిథి చూసి పెడతాం. సూర్యుడెక్కడ, చంద్రుడెక్కడ అని అడిగి మరీ పెడతాం. పితృదేవతలకున్న ఈ పట్టింపు పట్టికకు లేదు.

ఈ సంగతంతా ఓసారి గ్రూపులో రాశాను. మాస్టారు బొటనవేలి బొమ్మ పెట్టారు. మర్నాడు ఆగస్టు 30 వచ్చింది.

ఎక్కడున్నాం? దోషవిచారం. బెర్గ్‌మన్ రెండుసార్లు రావడం పునరుక్తి దోషమనకండి. ఆవిడ అరవయ్యేడో పుట్టినరోజు నాడే పోయింది.

కర్తృవిచారం. ‘జ.’ అనే క్రియకు కర్త ఎవరు? ఈ పట్టికలో ఆ రోజున ఒళ్లొంచి పనిచేసినట్టు కనబడేది ఫారడే ఒక్కడే. ఇనప కడియానికి రెండు పక్కలా రాగితీగ చుట్టి, ఒక పక్క బ్యాటరీ తగిలించినప్పుడూ తీసేసినప్పుడూ రెండో పక్క సూది ఉలిక్కిపడడం చూసి, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నాడు. తక్కినవాళ్లు పుట్టారు, అంతే. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో ఆ రోజు కష్టపడింది గిడుగు వారి తల్లి వెంకమ్మ గారు. ఆవిడ పేరు మూలంలో లేదు. పుట్టిన పిల్లవాడు చేసిందల్లా ఏడవడం, అదీ వ్యావహారికంలోనే.

ఆయన చేసిన పనులకు తేదీలు దొరకవు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగొచ్చిన సవర తెగ మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. దాని కోసం మన్యంలో తిరిగితే జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను వాడితే చెవుడొచ్చింది. జనం నోట వినబడేదే భాష అని పండితులతో పోట్లాడిన మనిషి పోట్లాడినన్నాళ్లూ సరిగా వినబడకుండానే పోట్లాడారు. ఏ రోజున వినబడడం మానేసిందో ఏ మాస్టారూ పంపరు. 1936లో పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి పోతే, ఆ వయసులో ఊరొదిలేసి రాజమండ్రి వచ్చేశారు. పండితుల మీద రాసిన పుస్తకానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పేరు పెట్టారు. భేషజమంటే సంస్కృతంలో మందు, తెలుగులో డాంబికం. అలాంటాయన పుట్టినరోజున మనకొచ్చే శుభాకాంక్ష ‘తెలియజేయుచున్నాను’.

తాత్పర్యం. మాస్టారికి మనవి. వచ్చే ఆగస్టు 29న మిగతా పేర్లు మీ ఇష్టం. గిడుగు వారి దగ్గర మాత్రం ‘ప్రముఖ’ కొట్టేసి ‘సవర నేర్చుకున్నారు’ అని రాయండి. శుభాకాంక్షలు మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. ట్యాంకరు టైము వచ్చాకే పోస్టు చెయ్యండి, అయిదున్నరకు పెట్టినా చరిత్ర ఎక్కడికీ పోదు.