మనవాడు రంగులు మానేశాడు

మనవాడు రంగులు మానేసి ఏడాదవుతోంది. అంతకుముందు సంక్రాంతి ముగ్గుల్నీ పులిహోరనీ ఫోన్‌లో తీసి చుట్టపక్కాలందరికీ పంపినవాడే. కోఠీలో ఓ పాత ఫిల్ము కెమెరా కొన్నాక జ్ఞానోదయమైంది. ఇప్పుడు భార్య కొత్త పట్టుచీర కట్టుకుని "ఎలా ఉందండీ?" అనడిగితే, కళ్లు సగం మూసి చూసి, "ఎర్రచీరకు పచ్చంచా? రెండూ ఒకే బూడిదలో కలిసిపోతాయి" అంటాడు. మాట అబద్ధమేం కాదు. ఒకే పాటి ముదురుగా ఉన్న ఎరుపూ ఆకుపచ్చా నలుపు తెలుపు ఫిల్ము మీద దాదాపు ఒక్కలాగే పడతాయి. లెన్సుకు ఎర్ర ఫిల్టరు తగిలిస్తే ఎరుపు తేలిపోయి, ఆకుపచ్చ నల్లబడి, అంచు విడిగా కనబడుతుంది. అది కూడా చెప్పాడు. ఆ పూట ఆవిడ వంట చెయ్యలేదు.

టిఫిను దగ్గర కూర్చుంటే ఆన్సెల్ ఆడమ్స్ దిగుతాడు. కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా ఛాయల్ని సున్నా మొదలు పది వరకు జోన్లుగా విడగొట్టిన అమెరికన్ ఫోటోగ్రాఫరు ఆయన. అప్పట్నుంచి మనవాడికి ఇడ్లీ ఎనిమిదో జోను, మాడిన పెనం రెండో జోను. కెమెరా మీటరుకు లోకజ్ఞానం లేదట. ఇడ్లీని చూపించినా పెనాన్ని చూపించినా మధ్యరకం బూడిదే అనుకుంటుందట. అందుకని ఇడ్లీకి రెండు మూడు స్టాపులు వెలుగు పెంచాలి. పాఠం అయ్యేసరికి ఇడ్లీ చల్లారిపోతుంది. ఇంత తెలిసినవాడే, ఇదే ఊళ్లో ఆరో నిజాం కొలువు ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ పేరెత్తితే "ఎవరాయన?" అంటాడు.

నవ్వే మనుషులు అతనికి పనికిరారు. రైతుబజారులో ముడతల ముఖం కనబడితే చాలు, వాలిపోతాడు.

"తాతా, కాస్త దిగులుగా చూడవూ."

"దేనికి బాబూ? వంకాయలన్నీ అమ్ముడుపోయాయిగా!"

ఫిల్ము కడగడమనే అసలు భాగోతమంతా బాత్రూములో. డెవలపరు 20 డిగ్రీలుండాలి. మే నెల హైదరాబాదులో మిద్దె మీది ట్యాంకు నీళ్లకు చెయ్యి చురుక్కుమంటుంది. అందుకని ఫ్రిజ్‌లో ఐసంతా బాత్రూముకు తరలుతుంది. లోపల డెవలపరు, స్టాప్ బాత్, హైపో, ఆపైన కడుగుడు. బయట భుజాన తువ్వాలుతో నాన్నగారు. మొదటి రీలును సినిమాల్లో చూసిన ఎర్రబల్బు వేసుకుని మరీ ఫిల్ము కడిగే డబ్బాలోకి ఎక్కించాడు. ఎర్రలైటు ప్రింటు కాగితానికి ఫర్వాలేదు గానీ, ఈ ఫిల్ముకు ఎరుపు కూడా వెలుగే. దానికి చిమ్మచీకటి కావాలి. రీలు ఈ చివర నుంచి ఆ చివరకు నల్లగా వచ్చింది. "ఇదో ప్రయోగం" అన్నాడు.

వీధి చివర ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన ఉన్నారు. నెగటివు మీద పెన్సిలు మొనతో దిద్ది ఎందరో పెళ్లికూతుళ్ల మొటిమలు మాయం చేసిన చెయ్యి. "బాబూ, ఆ హైపో వాసన వదిలించుకోడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు డబ్బు పోసి కొనుక్కుంటున్నావా?" అంటూనే, పాడైన ఫిల్ము ముక్కతో కళ్లు మూసుకుని చుట్టడం నేర్పారు. ఎన్‌లార్జరు కింద చెయ్యి అడ్డంపెట్టి, నల్లబడబోయే ముఖాన్ని కాపాడటమూ నేర్పారు. మనవాడు మధ్యలో ఫ్రెంచి ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసాన్ గొప్పలు ఎత్తుకున్నాడు. ఆ మహానుభావుడు తన ప్రింట్లు తాను చేసుకోకుండా వేరేవాళ్లకు అప్పగించేవాడు, పెద్దాయన మాత్రం అన్నీ తనే కడిగారు. ఈ తేడా అతనికి ఇంకా తట్టలేదు.

మొన్న ట్రేలో తెల్లకాగితం మీద తన మీసం మెల్లగా తేలి రావడం చూశాక, నాన్నగారు తలుపు కొట్టడం మానేశారు. విద్య అంత గొప్పదే, కాదనను. మీ ఇంట్లో పెళ్లుంటే మాత్రం మనవాణ్ని భోజనానికి పిలవండి, ఫోటోలకు ఇంకెవరినైనా మాట్లాడుకోండి. తలంబ్రాల పసుపు బూడిదగా వస్తే వియ్యాలవారు ఊరుకోరు.