కాంపౌండరు పక్షమున వకాల్తా

హంతకునియందు జాలిగొనుట సజ్జనలక్షణము కాదని నేనెరుగుదును. అయినను ఇటీవల చదివిన యొక అపరాధపరిశోధక నవల తుదిపుటలో ఉరికంబమెక్కిన కాంపౌండరును తలచుకొన్నప్పుడెల్ల నాకు జాలియే కాక ధర్మాగ్రహము గూడ కలుగుచున్నది. ఆ నవల పేరు చెప్పను. చెప్పినచో ఉబలాటము పట్టలేక ఎవరైన కొందురేమోయను భయము నాకు గలదు.

కథ 1958లో రాజమహేంద్రవరమున జరిగినదని రచయితయే సెలవిచ్చినాడు. గోదావరి గట్టున నొక జమీందారు, ఆయనకొక దివాణము, దివాను, శిస్తు వసూళ్లు, వాకిట ఏనుగు. జమీందారీల రద్దు చట్టము 1948లోనే వచ్చినది గదా, పదేండ్లు గడచినను ఈయన వైభవమునకు వెంట్రుకవాసియైనను లోటు రాకుండుట యెట్లు? హత్యను పక్కనబెట్టి ఈ రహస్యమును ఛేదించియుండినచో పుస్తకమునకు కొంత గౌరవము దక్కెడిది. కాని డిటెక్టివుగారి దృష్టి అటు పోలేదు. ఎటు పోయినదో కూడ మనకు తెలియదు. ఏలయనగా ఆయన శవము చెంత వంగి, నేలమీదనుండి ఏదియో యొక వస్తువును తీసి, భూతద్దముతో పరికించి, గూఢముగా చిరునవ్వు నవ్వి, దానిని కోటుజేబులో వేసికొనును. ఆ వస్తువేమో రచయిత చెప్పడు. మరి రెండు ప్రకరణములు గడచిన పిమ్మట మరియొక వస్తువు, మరియొక చిరునవ్వు, మరల అదే జేబు. చివరకు ఆ జేబు బోర్లించినప్పుడు రాలిన చొక్కాగుండీని, చిరిగిన రైలుటిక్కెట్టును జూచి సభాసదులందరు దిగ్భ్రాంతులైరట. నేను మాత్రము కాలేదు. చూపని వస్తువును గూర్చి దిగ్భ్రాంతి చెందుట నా శక్తికి మించిన పని.

రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లేయ క్రైస్తవాచార్యుడు, తానును ఇట్టి నవలలు వ్రాసినవాడే, 1929లో ఈ విద్యకు పది ఆజ్ఞలు విధించెను. పరిశోధకునికి దొరికిన ఆధారమును పాఠకునికి దాచరాదని యొకటి. పాఠకుని ముందుగా సిద్ధపరచక కవలలను కథలోనికి దింపరాదని యొకటి. హంతకుడు కథ తొలిభాగముననే కనబడవలెనని వేరొకటి. మొదటిదాని గతి పైన విన్నవించితిని. రెండవదానికి ప్రత్యుత్తరముగా దివానుగారి కవలసోదరుడు రంగూను నుండి హఠాత్తుగా దిగి, రెండు భోజనములు చేసి, కథకు వీసమంత ఉపకారమైనను చేయకయే తిరుగు ప్రయాణమైనాడు. మూడవదానిని మాత్రము రచయిత శిరసావహించినాడు. పండ్రెండవ పుటలో నొక కాంపౌండరు వచ్చి, మందుసీసా యిచ్చి, ఆ సంవత్సరపు ఎండలను గూర్చి రెండు మాటలాడి వెడలిపోవును. కథలో ఏ పనియు లేనివాడు అంత తీరికగా ఎండలను గూర్చి ముచ్చటించినాడనగా, నవలలు చదువు అలవాటున్నవారికి హంతకుడు అక్కడనే దొరికినాడు. తక్కిన పుటలన్నియు డిటెక్టివుగారికి దొరకుటకై ముద్రితములైనవి. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును అద్దెకు తెచ్చుకొని, రాత్రికి రాత్రి ముగించి, తెల్లవారగనే దుకాణమున అప్పగించిన తరము ఇంకను జీవించియున్నది. వారి చేతికి ఈ గ్రంథమునిచ్చుటకు నాకు ధైర్యము చాలకున్నది.

ఇక హత్యావిధానము. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆసుపత్రి మందులగదిలో పనిచేసి విషముల గుణగణములు నేర్చినది. 1920లో వెలువడిన తొలి నవలలోనే ఆ విద్యను వినియోగించినది. మన కాంపౌండరుకు ఆ విద్య కులవృత్తివంటిది, బీరువా తాళముచెవి మొలకే వ్రేలాడుచున్నది. అయినను విషము మాట యతనికి స్ఫురింపదు! రివాల్వరు తెచ్చినాడు. దానికి సైలెన్సరు బిగించినాడు. రివాల్వరులో గుండ్లు తిరుగు చక్రమునకును గొట్టమునకును నడుమ సందుండును, ఆ సందుగుండ మ్రోత వెలికివచ్చును గావున గొట్టము చివర నెంత మూతబెట్టినను ఫలము లేదని రచయితకెవరు చెప్పగలరు? అంతకుముందు కావలివాని ముక్కుకు క్లోరోఫారము రుమాలు తాకించినంతనే వాడు కూలినాడు. కొన్ని నిమిషములపాటు పీల్చిననే గాని పనిచేయని ఆ మందు, కాంపౌండరు చేతి చలువవలన కాబోలు, రెప్పపాటులో పనిచేసినది.

ప్రపంచమున మొట్టమొదటి వ్రేలిముద్రల కార్యాలయము 1897లో మన కలకత్తాలోనే నెలకొన్నది. అరువదియేండ్ల తరువాత మన డిటెక్టివుగారు ఆ రివాల్వరును వట్టిచేతులతో ఎత్తి, అటునిటు త్రిప్పి, చూడుడని దివానుగారికిచ్చిరి. దివానుగారు తమ బావమరిదికిచ్చిరి. శవపంచనామా ప్రసక్తియే లేదు. పంచాయతుదారులు లేరు. తుదకు అందరిని హాలులో కూర్చుండబెట్టి డిటెక్టివుగారు జేబు బోర్లించగా, కాంపౌండరు లేచి, తన బాల్యముతో మొదలిడి, ఇన్‌స్పెక్టరు ఎదుట నేరమంతయు ఒప్పుకొని, మధ్య మధ్య ఉపమాలంకారములు గూడ ప్రయోగించినాడు. పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు ముద్దాయిపై సాక్ష్యముగా చెల్లదని ఆనాడు అమలులోనున్న 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షను ఘోషించుచుండెను. ఒప్పుకోలును తీసివేసినచో మిగులునదేమి? ఒక గుండీ, ఒక రైలుటిక్కెట్టు, దివానుగారి బావమరిది వ్రేలిముద్రలు. ఈ సామగ్రితో అరెస్టు చేయదగినవాడెవ్వడైన నున్నచో అతడు ఆ బావమరిదియే.

ఆ సంగతి నడుగు వకీలు నవలలో లేడు. విచారణ అరపుటలో ముగిసినది. సెషన్సు జడ్జీగారు ఉరిశిక్ష విధించిరి. మరుసటి సోమవారము ప్రాతఃకాలమున శిక్ష అమలైనది. సెషన్సు కోర్టువారు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయపరచనిదే అమలుచేయరాదు. ఆ కాలమున హైకోర్టు, 1956 నుండియు, హైదరాబాదున కొలువుండెను. రాజమహేంద్రవరమునుండి కాగితములు అక్కడికి చేరుటకే ఆ సోమవారము చాలదు. రచయితకును ఈ సందేహము లోలోపల కలిగియుండునేమో, కాంపౌండరు రెండవ భాగమున తిరిగివచ్చునని వెనుక అట్టమీద ప్రకటించినాడు. అప్పీలుకు గాబోలు.